గంటగోపురం గోడకి గాజుపలక

ప్రియమైన అక్కకు,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన అన్నంలో సగం బస్సులో పక్కసీటు పెద్దాయన పాలైంది.

అసలు సంగతి. చర్చి గంటగోపురంలో, తాడు వేలాడే చోట, గోడ బీటకి అడ్డంగా ఒక గాజుపలక సిమెంటుతో అతికించి వచ్చాను. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకంత కదిలినా పగులుతుంది. చర్చి ఊడ్చేటప్పుడు రోజూ చూడు. పగిలిందో, ఎవరి మాటా వినకు. చిట్టిదాన్ని తీసుకుని బయటికొచ్చేయ్. మీ వంటిల్లు ఆ గోపురానికే ఆనుకుని ఉంది.

పాస్టరు గారికీ చెప్పాను. "ఇన్నేళ్లు నిలబడింది కదా మేస్త్రీ" అన్నారు. నేను చూసిన కూలిన గోడలన్నీ అంతకుముందు నిలబడినవే.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

గాజు బాగానే ఉంది. నిన్నా చూశాను, ఇవాళా చూశాను. అయినా భయం పోవడం లేదు.

ఊడ్చిన బెంచీల మీద పొద్దునకల్లా మళ్లీ సున్నం పొడి ఉంటోంది. గోపురం తలుపు నేలకి పట్టేసి, భుజంతో నెడితే గానీ రావడం లేదు. చుట్టూ పొలాలే కదా, మధ్యాహ్నం ఒక్క చప్పుడుండదు. అప్పుడు వంటింటి గోడలో ఇసుక జారినట్టు వినిపిస్తుంది. ఆ గోడకి వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను.

మీ బావతో అంటే నవ్వాడు. "నీ తమ్ముడు గోడకి గాజు, నీ బుర్రకి పురుగు అతికించి పోయాడే. గంట కొట్టేవాణ్ణి నేను. నేను తాడు లాగకుండా అది మోగిన రోజు భయపడు" అన్నాడు.

నెలాఖరు ఆదివారం పిల్లల పాట ఉంది. గొంతులు బాగా వినిపిస్తాయని గోపురం కిందే నిలబెడతారట. చిట్టిది ముందు వరసలో. దాని ఆనందం చూస్తే ఏం చెప్పడానికీ నోరు రావడం లేదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

సున్నం రాలుతోంది, తలుపు పట్టేస్తోంది, గాజు మాత్రం పగల్లేదు. ఈ మూడూ ఒకదానికొకటి పొసగవు. తలుపు పట్టేసిందంటే గోడ కిందికి దిగుతోందని.

అతికించే ముందు గాజు కింది మూల గాజు కోసే పరికరంతో చిన్న గీత పెట్టాను. ఆ గీత ఉందా? పగలు వెలుతురులో చూసి వెంటనే రాయి.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

గీత లేదు. వేలితో తడిమాను, తడిబట్టతో తుడిచి చూశాను. అది నువ్వు పెట్టిన గాజు కాదు.

గోపురం తాళాలు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. నా దగ్గర, పాస్టరు గారి దగ్గర, మీ బావ దగ్గర. పాస్టరు గారు ఊళ్లో లేరు.

అన్నం పెడుతూ మీ బావ చేతులు చూశాను. గోళ్లలో సిమెంటు. "ఇంకొంచెం వెయ్యవే, ఏం చూస్తున్నావ్?" అన్నాడు. ఏం లేదన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పక్కన కూర్చోవడానికి భయపడటం ఇదే మొదలు. కన్నకూతురు ఆ గోపురం కింద నిలబడుతుందని తెలిసీ ఎందుకు చేస్తాడు?

ఏం చెయ్యమంటావ్?

అక్క

*

అక్కా,

అడిగెయ్. బావ మొండివాడు గానీ చెడ్డవాడు కాదు.

కొత్త గాజు పెట్టించు, గీత నువ్వే పెట్టు. ఇక్కడ పని వచ్చే వారం గానీ తెమలదు. ఆ వెంటనే గోడకి ఆసరాగా దుంగలు తీసుకుని లారీలో వస్తాను. అప్పటిదాకా వంటింట్లో వండకు, పొయ్యి బయట పెట్టుకో. చిట్టిదాన్ని గోపురం వైపు పోనివ్వకు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

అందరం క్షేమం. దుంగలు ఇక తీసుకురానక్కర్లేదు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. మీ బావ దాచలేదు. "నేనే మార్చాను. గంట కొట్టిన ప్రతిసారీ పగులుతోంది. అంత గంట అదురుకి గాజు పగలదా? దానికి నువ్వు హడలి చావడం దేనికని మార్చాను" అన్నాడు. అబద్ధం కాదురా, నిజంగా అలాగే నమ్మాడు.

"అయితే గంట కొట్టకుండా చూద్దాం" అన్నాను. నన్ను ఓడించాలని వెంటనే ఒప్పుకున్నాడు. గాజు ఆయనే పెట్టాడు, గీత నేను పెట్టాను. తాడు పైకి చుట్టి కట్టేశాడు. "గంటాయన పెళ్లానికి లొంగిపోయాడు" అని ఊరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే లోపలికి వెళ్లినవాడు నవ్వకుండా వచ్చాడు. "చిట్టిదాని చెప్పులెక్కడ?" అన్నాడు. అంతే. మంచాలు, గిన్నెలు బడి గదికి మోసుకుపోయాం. పాస్టరు గారు వచ్చి పగిలిన ఆ గాజు చూసి చర్చికి తాళం వేశారు. పాట రద్దయిందని చిట్టిది రెండు పూటలు అన్నం ముట్టలేదు.

శనివారం మధ్యాహ్నం బడి వెనక నేనూ మీ బావా దుప్పటి పిండుతున్నాం. చెరో కొసా పట్టుకుని ఉన్నాం. గంట మోగింది. ఒక్కసారే. పొలాల్లో వంగున్నవాళ్లందరూ లేచి మీ బావకేసి చూశారు.

ఆయన తన రెండు చేతులకేసి చూసుకున్నాడు. అప్పుడు లేచింది దుమ్ము, మా వంటిల్లు ఉన్నవైపు నుంచి.

నీ అక్క