అమ్మ గ్లాసు

మహబూబ్‌నగర్, 13-8-1996

బాపూ, దండాలు. అమ్మకు దమ్ము అందకపోవడం టీబీ కాదట.

నిన్న దవాఖానలో గొట్టంలో ఊదమంటే అమ్మ సగంలోనే ఆగింది.

"గట్టిగ ఊదు లీలమ్మా, జాతరల రబ్బరు బుగ్గ ఊదలేదా?" అన్నాడు డాక్టరు.

"పక్కలు గుంజుతున్నయి సారూ, మీరే ఊదుండ్రి!"

ఊపిరితిత్తులు బాగున్నాయట. ఒళ్ళంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా వల్ల ఛాతీ కండరాలు నొచ్చి, నిండుగా ఊపిరి తీయలేకపోతోందట. అమ్మ నమ్మడం లేదు. ఇక్కడా నాకు దూరంగా కూర్చొని తింటోంది. ఆ దిగులుతోనే ఊపిరి ఇంకా బిగబడుతుందేమోనని నాకు భయంగా ఉంది.

చెల్లె బడికి పోతోందా? ఆదివారం వస్తాం. టీబీ అంటుకుంటదని అవ్వ గూట్లో వేరుగా పెట్టిన అమ్మ గ్లాసును మన గ్లాసుల్లో కలిపెయ్యి. ఏది తనదో అమ్మకు తెలియకూడదు.

నీ బిడ్డ మంజులత