ఊరి పుస్తకం మూడో సంపుటిలో రావలసిన ఒక పంక్తి గురించి

సుండ్‌నెస్ పురపాలక సంఘపు సాంస్కృతిక శాఖాధికారి గారి సముఖమునకు,
లౌవ్‌హౌగ్ కమతం (పాత నంబరు 47, కొత్త నంబరు 247) కాపురస్థుడు తోర్గిల్స్ లౌవ్‌హౌగ్ వ్రాసుకొను అర్జీ. 9 అక్టోబరు 1986.

అయ్యా,

విషయం: రద్దయిన ట్వేట్‌మార్క్ గ్రామ పంచాయతీ వారి ఊరి పుస్తకం మూడో సంపుటిని అచ్చువేయించుట, అందు ఒక నమోదును సవరించుట గురించి.

1. ట్వేట్‌మార్క్ అనునది 1861 మొదలుకొని 1963 ఆఖరు వరకు సొంత పంచాయతీగా ఉండినదని తమకు తెలియకపోవచ్చును. జనాభా ఆరువందల పన్నెండు. ఆఫీసంటూ వేరే లేదు; ఎవరు అధ్యక్షుడైతే వారింటి ముందుగదే ఆఫీసు. మమ్మల్ని తమ పట్టణంలో కలపాలని పైవారు నిర్ణయించినప్పుడు మా సభ్యులు పదిహేడుగురిలో పదహారుగురు వద్దన్నారు, ఒకరు నిద్రపోయారు. అయినా కలిపారు. రికార్డులన్నీ పాలబండి మీద ఒక్క విడతలో తమ ఊరు చేరాయి. నూటమూడేళ్ల చరిత్ర పాలక్యాన్ల మధ్య పట్టేసిందంటే మాకే సిగ్గేసింది.

2. సదరు పంచాయతీ ఒక ఊరి పుస్తకం వ్రాయించినది. ఏ కమతంలో ఎవరు బతికారు, ఎవరిని పెళ్లాడారు, ఎందరు పిల్లలు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఏటికి అవతలి ఇళ్లతో రెండు సంపుటాలు వచ్చాయి. ఇవతలి పద్నాలుగు కమతాలను మూడో దానికి అట్టేపెట్టారు. అంతలో పంచాయతీయే లేకుండా పోయింది. కాగితాల ప్రకారం ఏటికి ఇవతల ఎవరూ పుట్టలేదు, ఎవరూ చావలేదు.

3. ఈ సంగతి ఏప్రిల్‌లో మనవి చేసుకోగా, "నంబరు 47 వివరాలు ఇదివరకే అచ్చయినవి, పట్టణ చరిత్ర 212వ పేజీ చూడగలరు" అని తమ కార్యాలయం జవాబిచ్చినది. చూశాను. అది తమ ఊరి 47వ నంబరు, కబేళా. కలిపినప్పుడు మా నంబర్లకు రెండువందలు చేర్చిన విషయం తమవారే మరిచారు. ఫోను చేస్తే ఒకమ్మాయి ఎత్తింది.

"మీరు కబేళా తరఫునా అండీ?"

"కాదమ్మా. నేనింకా బతికే ఉన్నాను."

"ఏటికి ఇవతల ఇప్పుడెంతమంది ఉంటున్నారు?"

"నేనున్నాను."

"ఇంకా?"

"నేనున్నానని చెప్పాను కదమ్మా."

ఆ పిల్ల అర్జీ పెట్టుకోమని మర్యాదగానే చెప్పింది.

4. ఇక అసలు విషయం. 1963 మార్చిలో పుస్తకం రాస్తున్న అన్‌ఫిన్ మాస్టారు మా ఇంటికి వచ్చారు. గున్‌వోర్ స్కార్‌బేక్ కాఫీ పోసి, వాఫిల్ అట్లు పెట్టింది. ఈమె 1949లో మా అమ్మ మంచాన పడినప్పుడు ఆర్నెల్ల పనికని వచ్చి, అమ్మ పోయాక కూడా ఉండిపోయిన మనిషి.

"పెళ్లి?" అన్నారు మాస్టారు కలం తీసి.

"కాలేదు" అన్నాను.

"మరి ఈవిడ?"

నేను కాఫీలో చక్కెర కలుపుతున్నాను. కలపడానికి అంతసేపు పట్టదు. చివరికి గున్‌వోరే చెప్పింది.

"పనిమనిషిని. రాసుకోండి మాస్టారూ, సిరా ఆరిపోతుంది."

"పనివాళ్ల పేర్లు పుస్తకానికి ఎక్కవమ్మా. నియమం."

"అయితే మీకో పంక్తి మిగిలింది. ఇంకో వాఫిల్ తినండి."

5. మూడో సంపుటి ఆగిపోయిందని తెలిసి ఇవతలి వాళ్లంతా బాధపడ్డారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. ఆ పంక్తి అచ్చుకాలేదు కదా, గున్‌వోర్‌ని అడగడానికి ఇంకా టైముంది కదా అనుకున్నాను. గొర్రెలు, గడ్డికోత, మంచు. ఏ ఏటికా ఏడు వచ్చే ఏడు అడుగుదాంలే అనుకుంటూ ఇరవై మూడేళ్లు గడిపాను. మొన్న ఫిబ్రవరిలో ఆమె పోయింది. అయ్యా, ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే రేడియోలో చేపల ధరలు కూడా వింటున్నాను. నాకు పడవ లేదు.

కావున మూడో సంపుటిని అచ్చువేయించ ప్రార్థన. అంత పని కుదరనిచో మా ఒక్క పేజీ టైపు చేయించి రెండో సంపుటి చివర అతికించినా చాలును. అందులో ఇలా ఉండాలి: "తోర్గిల్స్, జననం 1914. గున్‌వోర్, జననం 1919. ఇద్దరూ ఇక్కడ బతికారు." భార్య అని వేయమనడం లేదు. నోరు తెరిచి అడగనివాడికి ఆ మాట రాయించుకునే హక్కు లేదు.

ఈ మనవిని చిత్తగించవలెను. వీలుపడనిచో ఏదో ఒక ఫైలులో పెట్టవలెను గాని బుట్టలో వేయవలదు.

తమ విధేయుడు,
తోర్గిల్స్ లౌవ్‌హౌగ్

తా.క. పనివాళ్ల పేర్లు ఎక్కవన్న నియమం ఇంకా అమలులో ఉంటే, కమతం యజమానిగా గున్‌వోర్‌ని రాయండి, పనివాడిగా నన్ను రాసి కొట్టేయండి. ఇంట్లో జరిగిందీ అదే.