వెనుక సీటులో పడుకున్న రోజు

గద్వాల నుంచి.

అక్క బాలమ్మకు, తమ్ముడు ఎల్లయ్య నీ కాళ్లకు మొక్కి రాస్తున్నది.

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, అక్షరాలు తప్పులు పోతాయి. సుజాతా, బిడ్డా, తెలియని చోట నువ్వే సరిచేసుకుని మీ నాయనమ్మకు చదివి వినిపించు. జర గట్టిగా చదువు, ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్ నా బిడ్డ పద్మ దగ్గర ఉంటుంది, అల్లుడు పక్కనే ఉంటాడు. నలుగురు వింటుంటే నాకు మాట పెగలదని అక్కకు తెలుసు.

అక్కా, తుంటి నొప్పి ఎట్లా ఉంది? కట్టు కింద తోలు పుండు పడిందని సుజాత చెప్పింది. వేపాకు నీళ్లతో కడుగుతున్నారా? రెండు ముద్దలు తింటున్నావా? కాలు విరిగాక ఆటోలో అచ్చంపేటకు పోయి ఎముక ఫోటో తీయించుకొచ్చిన రోజు, దారిలో నువ్వు సొమ్మసిల్లిపోయావని విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు. "ఇగ ఏ బండీ ఎక్క. కుదుపులకే పాణం పోతది" అని ఒట్టు పెట్టుకున్నావు. అప్పుడే నేను మాటిచ్చాను. అల్లుడి కారు తెస్తాను, వెనుక సీటులో పండబెట్టి కుదుపు లేకుండా గద్వాల పెద్ద దవాఖానకు తీసుకొస్తాను అన్నాను. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

ముందు నా సంగతి. నేను బాగున్నాను, బెంగ పెట్టుకోవద్దు. ఇక్కడ ఎండ మన కొండ మీది ఎండ వంటిది కాదు. పొద్దు గూకినా గోడలు కాలుతూనే ఉంటాయి. లేచి వాకిట్లోకి వస్తే నల్లమల కనపడదు, ఎదురింటి గోడ కనపడుతుంది. జొన్నరొట్టె చేస్తుంది పద్మ. బాగానే ఉంటుంది. పక్కింటి ముసలామెది కన్నడపు మాట. రోజూ "ఊట ఆయ్తా?" అని అడుగుతుంది. తిన్నాను అని ఆమె భాషలో ఎట్లా చెప్పాలో తెలియక తల ఊపుతాను. పొద్దంతా నన్ను పలకరించేది ఆమె ఒక్కతే. పొద్దున్నే కారు కడుగుతాను. నా పని అదే. నేను బాగున్నాను.

అల్లుడు రాములు కిరాయి కారు నీకు తెలుసు. పద్మ పెళ్లినాటికే పాతది. ఈ మధ్య దాని షాకబ్జర్లు పోయాయి. అంటే చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ సీటు దాకా రాకుండా ఆపే గొట్టాలు. ముందు చక్రాలకు స్ప్రింగుతో కలిపి ఉంటాయి, వెనుక వేరేగా ఉంటాయి. అవి పోతే చిన్న రాయి ఎక్కినా నడుము మీద గుద్దినట్టే ఉంటుంది. కిరాయికి వచ్చినవాళ్లు తిట్టుకుంటూ దిగేవాళ్లు. నీ సంగతి చెబితే రాములు మంచిగానే అన్నాడు. "గీ బండిల తెస్తే అత్త నడిమిట్లనే సచ్చిపోతది మామా. షాకబ్జర్లు మార్పిస్త. మార్చినంక నేనే పోయి తీస్కొస్త" అన్నాడు. నేను ఆ మాటనే పట్టుకుని ఉన్నాను.

మార్చే రోజు నన్నూ తీసుకుపోయాడు, సామాను దగ్గర కూర్చోవడానికి. ఖాజా మేస్త్రీ షెడ్డు బస్టాండు రోడ్డులో ఉంది. పక్కన చాయ్ హోటల్, కిరాయి కార్ల వాళ్లంతా అక్కడే ఉంటారు. ఖాజా జాకీ పెట్టి కారు లేపి, చక్రాలు తీసి, ముందటి గొట్టాలను స్ప్రింగులతో సహా బయటికి లాగాడు. నూనె కారి, దుమ్ము అంటుకుని, చచ్చిన పాముల్లాగా ఉన్నాయి. కొత్తది నొక్కితే తనంతట తాను పైకి లేస్తుంది. పాతది నొక్కితే అక్కడే ఉండిపోయింది.

ఖాజా నవ్వాడు. "చూడు రాములన్నా, అచ్చం మీ మామ లెక్కనే. కూసుంటె లేస్తలేదు."

చాయ్ హోటల్ వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయను?

స్ప్రింగులను ఇనుప పట్టీలతో బిగించి నొక్కి, కొత్త గొట్టాలకు ఎక్కించి, నట్లు వేశాడు. వెనుకవి కూడా మార్చాడు. పూజ చేస్తే గానీ బోణీకి పోనని రాములు నిమ్మకాయలు, కొబ్బరికాయ తేవడానికి బజారుకు పోయాడు. ఇక్కడ కార్ల వాళ్లకు అదొక పట్టింపు. కొత్త సామాను పడ్డాక చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలి, కొబ్బరికాయ కొట్టాలి, మొదటి కిరాయి శుభంగా ఉండాలి. రోగిని గానీ, చావు ఇంటివాళ్లను గానీ మొదట ఎక్కించరు. అంతవరకు నాకూ తెలుసు. బోణీ అయిపోతే తర్వాత నీ వంతు వస్తుంది అనుకున్నాను.

రాములు లేనప్పుడు ఖాజా అన్నాడు, "పెద్దాయనా, ఎన్క సీట్ల కూసో. బరువుంటెనే తెలుస్తది, ఒక చక్కర్ కొట్టొద్దాం."

ఎక్కాను. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది అక్కా. కూర్చుంటే నాకేం తెలుస్తుంది? నువ్వు వచ్చేది పడుకుని కదా. "పండుకుంట మేస్త్రీ, పండుకుని సూస్త" అన్నాను. "పండుకో, ఎవరొద్దన్నరు" అన్నాడు. నువ్వు ఏ కాలు చాపుకుంటావో ఆ కాలు చాపాను. తుంటి కింద చెయ్యి పెట్టుకున్నాను. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుంటే తువ్వాలు కప్పుకున్నాను.

గుంతల రోడ్డు మీదికే పోనిచ్చాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు పళ్లు బిగించాను. కారు మెల్లగా లేచింది, మెల్లగా దిగింది. చేతికి దెబ్బ తగలలేదు. మళ్లీ ఒక గుంత. మళ్లీ అంతే. ఇందులో అయితే మా అక్క అరవకుండా వస్తుంది అనుకున్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. తువ్వాలు తీయలేదు.

కారు షెడ్డు ముందు ఆగింది. నేను కళ్లు తుడుచుకుని లేద్దామనుకుంటుండగానే చాయ్ హోటల్ నుంచి ఎవరో కేకవేశారు. "అరే, ఎవరు పొయిండ్రు? పీనుగును తెచ్చిండ్రేంది?"

తువ్వాలు తీసేసరికి తలుపు దగ్గర రాములు. చేతిలో కొబ్బరికాయ.

"కొత్త సామాను పడ్డ దినం! నిమ్మకాయ తొక్కియ్యక ముందే! మొఖం మీద బట్ట కప్పుకుని పీనుగు లెక్క పండుతవా ముసలోడా? నా బండి నీకు పాడెనా?"

"మా అక్క కోసం..." అన్నాను. అంతే వచ్చింది.

"ఇగ మీ అక్క పేరెత్తకు. నువ్వు పండింది చాలు, ఆమె గూడ పండాల్నా? రోగాలోళ్లను ఈ బండి ఎక్కనియ్య. ఎన్నటికీ ఎక్కనియ్య."

పాత షాకబ్జర్లను కాలితో నా వైపు నెట్టాడు. "గివి పట్కపో. మీ అక్క మంచానికి కట్టు, ఊగుకుంట పంటది."

అందరూ నవ్వారు. ఖాజా కూడా నవ్వాడు. పడుకోమన్నది తానే అని ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి కార్ల అడ్డా మీద దాన్ని పాడె బండి అంటున్నారట. ఒక కిరాయి తప్పితే నావల్లే. టైరు పంచరైతే నావల్లే. రోజూ పసుపు నీళ్లతో నేను పడుకున్న సీటు కడగమన్నాడు, కడుగుతున్నాను. పద్మ ఒకసారి నీ గురించి అడిగింది. ఆ రోజు రాములు అన్నం గిన్నె తోసేసి లేచాడు. తర్వాత పద్మే నాతో "నాయినా, జర లోపల్నే ఉండు. ఆయన కండ్లల్ల పడకు" అంది. దానిని తప్పు పట్టను. కాపురం చేసుకునేది అది.

అయినా కోపం తగ్గితే మెత్తబడతాడని చూశాను. పోయిన వారం శ్రీశైలం కిరాయి దొరికింది. అచ్చంపేట, మన్ననూరు మీదుగానే కదా పోవాలి. నేను కారు తుడుస్తూ, "వచ్చేటప్పుడు సీటు ఖాళీ ఉంటె..." అన్నాను. విననట్టే పోయాడు. తిరిగొచ్చి నాకు వినపడేటట్టు పద్మతో అన్నాడు. "ఏం పోయింది బండి! ఘాటు రోడ్డుల గుంతలున్నయా లేవా తెల్వలే. ఎన్క సీట్ల ముసలామె కాళ్లు సాపుకుని పోయెటప్పుడు, వచ్చెటప్పుడు మంచిగ పండింది."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పుట్టినప్పటి నుంచి నేను ఎవరికీ ఎదురు మాట్లాడలేదు, నీకు తెలుసు. కానీ అడిగాను. "మరి ఆమె పండలేదా?"

సుజాతా, ఇక్కడ ఒక్క మాట నాయనమ్మకు చదవకు, దాటెయ్యి. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఛాతీ పగిలేటట్టుంది, అందుకు రాస్తున్నాను. రాములు నా మొహం చూసి అన్నాడు, "ఆమె దేవుని తానకు పొయ్యెటామె. మీ అక్క కాటికి పొయ్యెటామె."

ఇక్కడి నుంచి చదువు.

కొత్త షాకబ్జర్లతో ఆ కారు మన ఊరి మలుపు దాటే పోయింది అక్కా, దాటే వచ్చింది. కారు ఆ దారిన వస్తుందని పద్మ తొందరపడి సుజాతకు ఫోన్ చేసిందట. నువ్వు తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, మంచం వాకిట్లోకి వేయించుకుని చూశావట. చీకటి పడ్డాక కూడా లోపలికి రానన్నావట. అది విన్న రోజు నేను కారు కడగలేదు. రాములు తిట్టాడు. తిట్టనీ.

ఇక కారు కోసం చూడవద్దు. అది రాదు. నీ ఎముక ఫోటోను పద్మ ఫోన్‌లోకి తెప్పించి, దవాఖానకు పోయి వరుసలో నిలబడి డాక్టరుకు చూపించాను. ఇంకా ఆలస్యం చేస్తే ఎముక దాని ఇష్టం వచ్చినట్టు వంకరగా అతుక్కుంటుంది, ఆపైన కాలు నేల మీద పెట్టడం కష్టం అన్నాడు. "ఎందుకు తెస్తలేరు?" అని అడిగాడు. కారు లేదు అన్నాను. పాడె సంగతి చెప్పలేదు.

అందుకని నేను బస్సెక్కి ఊరికి వస్తాను. మన్ననూరులో జీపు మాట్లాడుతాను. దాని షాకబ్జర్లు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. కుదుపులు ఉంటాయి, నీతో అబద్ధం చెప్పను. కింద వరిగడ్డి, దాని మీద నా గొంగడి పరుస్తాను. నీ కాలు నా ఒళ్లో పెట్టుకుంటాను, గుంత గుంతకూ రెండు చేతులతో పట్టుకుంటాను. అరవాలనిపిస్తే అరిచెయ్యి. నన్ను తిట్టు. కానీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి జీపు ఎక్కాలి. నువ్వు ఎక్కనంటే నేను నిన్ను ఎత్తి వేయలేను.

సుజాతా, నా గొంగడి అటక మీద ఉంది. నల్లులు పోయేటట్టు ఎండకు వెయ్యి బిడ్డా. పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పద్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది.

అక్కా, నీ దీవెన నా మీద ఉండాలి. జీపు ఎక్కుతానని ఒక్క ముక్క రాయించు. వేరే ఏమీ రాయకున్నా సరే. తొందరగా రాయించు. ఎముక మన ఉత్తరాల కోసం ఆగదు.

నీ తమ్ముడు,
ఎల్లయ్య