ఎర్ర గుర్తు పోయిన ఫోటో

పశు వివాదాల పరిష్కార కేంద్రం అధికారి గారికి,
వికారాబాద్.

విషయం: మా చిన్నమ్మ రుక్కమ్మ పదకొండు గొర్రెల తగాదాలో, రంగు తీసిన ఫోటో ఆధారంగా వెలువడిన ఉత్తర్వును నిలిపి అసలు ఫోటోను పరిశీలించమని కోరుట.

అయ్యా,

ఫోటోలో స్పష్టతనూ రంగునూ రెండింటినీ ఉంచుకోలేనప్పుడు ఏది వదులుకోవాలి? తాండూరులో కంప్యూటర్ పాఠాలు చెప్పే నేను ఈ ప్రశ్నను పద్దెనిమిదేళ్లుగా తరగతిలో అడుగుతున్నాను. "అవసరాన్ని బట్టి" అని రాసినవారికి మార్కులు వేశాను. అవసరం రెండూ అయితే ఏమిటన్నది నాకే తెలియదు.

1. మా చిన్నమ్మది పెద్దేముల్ దగ్గరి పల్లె. ఆమె గొర్రెల నడుం మీద ఎర్ర గుర్తు, అదే ఊరి కిష్టప్ప గొర్రెల మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. గత నెల టీకాల రోజున రెండు మందలూ ఒకచోట ఉండగా నేను ఫోటో తీశాను. మర్నాడు వానలో మందలు కలిసి, మావి పదకొండు కిష్టప్ప దొడ్డికి చేరినవి. రెండు రోజుల్లో ఆయన వాటి ఉన్ని కత్తిరించాడు. ఉన్నితోపాటే గుర్తులూ పోయినవి.

2. కావున ఆ ఫోటో ఒక్కటే సాక్ష్యం. ఏ గొర్రెయో పోల్చడానికి ముఖం, ఎవరిదో తేల్చడానికి రంగు కావాలి. తమ వెబ్‌సైటు ఒకే ఫోటోను, రెండు వందల కేబీల లోపు మాత్రమే స్వీకరించును. కొలతలు తగ్గిస్తే రంగు నిలిచింది గాని ముఖాలు పిండిముద్దలయ్యాయి. పక్కనున్న చిన్నమ్మ ఒప్పుకోలేదు. "మొకాలు సక్కగ రావాలె బిడ్డా. మొకం జూస్తే దాని తల్లెవరో గూడ చెప్త." రంగు తీస్తే, ఫోటోలోని ఒక్కో చుక్కకు ఇరవైనాలుగు బిట్ల చోట ఎనిమిదే మిగిలి, నూట తొంభైయారు కేబీలకు దిగింది. ముఖాలు నిలిచాయి. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగయ్యాయి.

3. పంపేముందు తమ గుమాస్తా పరశురాంను ఫోన్లో అడిగాను. అతను నా పాత విద్యార్థి. ఈ పాఠానికి పదికి పది వేసింది నేనే. "తీసెయ్యుండ్రి మేడం, ఏం ఫికర్ లేదు. రంగు గావాల్నంటే అసలుది మేమే అడుగుతం" అన్నాడు.

4. విచారణ రోజున ఎవరూ అడగలేదు. నా ఫోన్ చూపబోతే, అప్‌లోడ్ అయినదే రికార్డు అన్నారు. "ఏమే రుక్కవ్వా, నీ ఎరుపేడున్నది? జర మాగ్గూడ చూపెట్టు" అని కిష్టప్ప నవ్వాడు. గుర్తులన్నీ ఒకే తీరుగా ఉన్నందున గొర్రెలు ఉన్నచోటనే ఉండవలెనని ఉత్తర్వు. పరశురాం తలెత్తకుండా దాన్ని టైపు చేశాడు.

5. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నమ్మ ఒక్కటే మాట అన్నది. "సదువుకున్నదానివని నీ చేతుల వెడితినే. నువ్వే కడిగేస్తివి." ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలుసు. దీన్ని చెప్పుకోవడానికి వేరే కార్యాలయమేదీ లేదు.

వచ్చే సంతలో కిష్టప్ప వాటిని అమ్మనున్నాడు. రంగు ఫోటోను పెద్ద కాగితం మీద తీయించి జతపరిచాను. కాగితానికి కేబీల పరిమితి లేదు. అమ్మకం ఆపి, ఫోటోను ఆ గొర్రెల ఎదుట పెట్టి, ఒక్కొక్క ముఖాన్నీ పోల్చి చూసి, ఎవరివో తేల్చవలెను.

తమ విధేయురాలు,
దేవిక
తాండూరు

తా.క.: పరశురాంపై చర్య కోరుతూ ఆరో అంశం రాసి కొట్టేశాను. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. అతను మరిచాడో, తెలిసే ఊరుకున్నాడో నాకు తేలలేదు. ఎరుపు పోతుందని తెలిసే రంగు తీసే బటన్ నొక్కింది మాత్రం నేను. అతనిపై చర్య కోరాలో వద్దో ఇప్పటికీ నిర్ణయించుకోలేకపోతున్నాను.