పిలవని పేరు

సెప్టెంబరు 19, సోమవారం

బడి తెరిచాం. తొమ్మిదో తరగతిలో ఒక్కతే పిల్ల, నానోర్. పై తరగతులు పోయినేడే ఖాళీ అయిపోయాయి కాబట్టి హైస్కూలు మొత్తానికీ ఈ పిల్లే. మన ఆర్మేనియన్లలో సగంమంది ఇస్తాంబుల్ వదిలి ప్యారిస్ పోయారు. ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు బడి కావాలి. ఒక్కతైనా ఉంది కదా, గుడ్డికన్నా మెల్ల మేలనుకున్నాను.

ప్రభుత్వం తరఫున మామీద వేసిన వైస్ ప్రిన్సిపాల్ ఫిక్రెత్ బే మెట్ల దగ్గర ఆపి, ఈ పిల్లకి జలుబు కూడా చెయ్యనివ్వకండి టీచరుగారూ అన్నాడు. ఆమె టీసీ తీసుకుంటే ఇక హైస్కూలుకి తాళమేనట, ఒకసారి పడ్డ తాళం మళ్ళీ తియ్యరట. వేళాకోళంగానే అన్నాడు. కానీ నిజం.

మొదటిరోజు ఆచారం మానలేదు. 1915లో మావాళ్ళమీద జరిగిన మారణకాండ తర్వాత ఈ మేడమీద అనాథ పిల్లలుండేవాళ్ళు. ఓడల్లోంచి దిగేవాళ్ళలో అమ్మ ఉందేమోనని కొందరు పొద్దున్నే రేవుకి పారిపోయేవాళ్ళు. హాజరు వేళకి లేకపోతే పేరు కొట్టేస్తారు, మంచం ఇంకొకరికిస్తారు. అందుకని పక్కవాళ్ళు వాళ్ళ బదులు "ఉన్నా" అనేవాళ్ళు. కొందరు తిరిగి రానే లేదు. అయినా అంటూనే ఉన్నారు. అప్పటినుంచీ మా బడిలో ఎవరూ ఆబ్సెంట్ కారు. ఏటా మొదటిరోజు ఆ రాని పిల్లల పేర్లు పిలుస్తాం, క్లాసంతా "ఉన్నా" అంటుంది.

ఈసారి నానోర్ ఒక్కతే అంది. ఒక్కో పేరుకి ఒక్కో గొంతు పెట్టింది. సెంపాద్‌కి మగగొంతు పెట్టేసరికి ఇద్దరం పడీపడీ నవ్వాం.

సెప్టెంబరు 20

ఇవాళ కూడా వాళ్ళని పిలవమంది. ఖాళీ బెంచీలు చూస్తే బెంగగా ఉందట. పిలిచాను. నా సొమ్మేం పోయింది?

అక్టోబరు 6, గురువారం

ఆచారం ఏడాదికోసారి. మేం రోజూ చేస్తున్నాం. అది బడిగంటలాగా అలవాటైపోయింది.

నానోర్ వెనక బెంచీకి మారింది. ఎందుకే అంటే, ఖాతున్ పొట్టిది కదా ఓర్యోర్ట్, ముందు కూచోకపోతే బోర్డు కనపడదు అంది. మా పిల్లలకి పెళ్ళికాని టీచర్లందరూ ఓర్యోర్ట్‌లే. నాకు యాభై దాటినా అమ్మాయిగారినే. ఈ బడిలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు.

ఖాతున్ ఆ రాని పిల్లల్లో ఒకతె. పొట్టిదని నేనెప్పుడూ చెప్పలేదు. నాకే తెలీదు. పిల్ల ఊహ బాగుందని మెచ్చుకున్నాను.

నవంబరు 4, శుక్రవారం

ట్రస్టు ఛైర్మన్ బడి చరిత్ర రాయమన్నాడు, వార్షికోత్సవానికట. ఎవరు వస్తారు ఉత్సవానికి? అయినా మధ్యాహ్నాలు లైబ్రరీలో కూచుని రాస్తున్నాను. పట్టు వ్యాపారులు పునాది వేసిన అధ్యాయం అయిపోయింది. అనాథల అధ్యాయం దగ్గర కలం సాగట్లేదు.

ప్రశ్న అడిగితే నానోర్ చెయ్యెత్తుతుంది. ఒక్కతే కదా, చెయ్యెందుకే అంటాను. అయినా ఎత్తి, కాసేపు ఆగుతుంది. ముందు ఇంకెవరో చెప్పాలన్నట్టు. ఇవాళ ఆగి, తలాడించి, సెంపాద్ చెప్పిందే నేనూ చెప్తా అంది.

డిసెంబరు 12

ఖాతున్ పేరు పిలిచాను. నానోర్ పెదవి కదపలేదు. "ఉన్నా" అని వినపడింది.

డిసెంబరు 13

దక్షిణంనుంచి లోదోస్ గాలి. కిటికీలు కీచుమంటున్నాయి. నిన్నటిది గాలేనేమో. గాలే.

జనవరి 9, సోమవారం

క్రిస్మస్ సెలవుల తర్వాత మొదటిరోజు. ఫిక్రెత్ బే నాకు అభినందనలు చెప్పాడు. ఎంతమంది చేరారండీ కొత్తగా, కింద గది దాకా గోల వినిపిస్తోంది, అందరూ ఒకే గొంతుతో పద్యం చదువుతుంటే నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది అన్నాడు. రేడియో పెట్టాను అన్నాను. నా మొహం చూశాడు. నవ్వు ఆపేశాడు. టీ గ్లాసు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఆయన మళ్ళీ మేడ మెట్లెక్కలేదు.

నాకు భయం వేసింది. సంతోషం కూడా వేసింది. అబద్ధం ఎందుకు రాసుకోవాలి? ఇన్నేళ్ళకి నా క్లాసు నిండింది.

ఫిబ్రవరి 20, సోమవారం

నానోర్ తల్లి షాకే వచ్చింది. కోటు కూడా విప్పలేదు. పుట్టినరోజుకి కూతురు ఒక్క స్నేహితురాలినీ పిలవలేదట. కేకు కోసి ఖాళీ కుర్చీల ముందు పెట్టిందట. పోనీ పిల్లచేష్ట అనుకున్నాను ఓర్యోర్ట్ అంది. నిన్న ఆదివారం మటుకు వెతుక్కుంటూ వెళ్తే రేవులో నిలబడి ఉందట. ఓడ ఆగినప్పుడల్లా దిగేవాళ్ళ మొహాలు చూస్తోందట. ఎవరికోసమే తల్లీ అని భుజం పట్టుకుని అడిగితే, మా అమ్మకోసం అందట.

అమ్మని నేనే కదా, ఎదురుగా నిలబడ్డాను కదా ఓర్యోర్ట్, నేనేమన్నా చచ్చానా అని షాకే ఏడ్చింది. పిల్లలున్న బడికి మారుస్తానంటే నానోర్ ససేమిరా అంటోందట. ఓర్యోర్ట్ చెప్తేనే వెళ్తానందట. మీరు ఒక్కమాట చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటా అంది.

చూద్దాం అన్నాను. చూద్దాం! పిల్ల వెళ్తే బడి పోతుంది. నా అమ్మమ్మ చదివిన బడి. ఆమాట నా నోటినుంచే రావాలా?

మార్చి 14, మంగళవారం

చెప్పాను. ఉత్తరం రాసిద్దామని నాలుగుసార్లు కలం పట్టి, నాలుగుసార్లు పెట్టేసి, చివరికి తరగతిలో చెప్పేశాను. వెళ్ళమ్మా, అక్కడ ఆడుకోవడానికి పిల్లలుంటారు అన్నాను.

నానోర్ నవ్వింది. వెళ్ళినా ఒకటే ఓర్యోర్ట్ అంది. పొద్దున్నే మీరు నా పేరు పిలుస్తారు, నేను లేకపోతే ఖాతున్ పలుకుతుంది, ఇక నేను ఎక్కడున్నా ఇక్కడ ఉన్నట్టే, వాళ్ళంతా అలాగే కదా ఉండిపోయారు అంది. లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది.

వాళ్ళకి ఈ పిల్లమీద పగేం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. స్నేహితురాలి మంచం పోకూడదని పలుకుతున్నారు, అంతే.

మార్చి 15

హాజరు మానేశాను. నేరుగా పాఠం మొదలుపెట్టాను. నానోర్ లేచి తనే పిలిచింది.

ఏప్రిల్ 17, సోమవారం

నిన్న ఈస్టర్. షాకే చోరెక్ రొట్టె పంపింది. నానోర్ దాన్ని ముక్కలు చేసి బెంచీకొకటి పెట్టింది. తను తినలేదు. అందరికీ చాలలేదు అంది. మణికట్లు పుల్లల్లా అయిపోయాయి. సాయంత్రం గంట కొట్టినా బల్లమీంచి లేవదు. షాకే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాలి.

దీన్ని మొదలుపెట్టింది నేను. ఆపాల్సిందీ నేనే.

మే 5, శుక్రవారం

పిలిచాను. ఎప్రాక్సీ. సెంపాద్. మిహ్రాన్. ఖాతున్. ఒక్కొక్కరూ పలికారు. పుస్తకం మూసేశాను.

నానోర్ చూస్తూ కూచుంది. నన్ను పిలవలేదు ఓర్యోర్ట్ అంది. నేను బోర్డు తుడిచాను. నేనున్నా ఓర్యోర్ట్ అంది. మళ్ళీ తుడిచాను, ఏమీ లేని బోర్డుని. చెయ్యెత్తింది, నేను చూడలేదు. ఏడ్చింది, ఏడుపు ఎక్కువైంది. నేనేం తప్పు చేశానని అరిచింది. ఈ బడి పుట్టాక ఏ టీచరూ ఏ పిల్లకీ చెయ్యని పని చేశాను. పేరు పిలవలేదు.

చివరికి సంచీ తీసుకుని లేచింది. మెట్లమీద బూట్ల చప్పుడు విన్నాను. ఒక జతే. వెనక ఇంకెవరూ దిగలేదు.

తలుపు వేశాను.

జూన్ 9, శుక్రవారం

హైస్కూలు మూసేశారు. ఫిక్రెత్ బే తాళం వేస్తూ తల ఎత్తలేదు. క్షమించండి టీచరుగారూ అన్నాడు. ఆయన తప్పేముంది? లైబ్రరీ పుస్తకాలు సర్దాలి కాబట్టి తాళంచెవి కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచమన్నారు. చరిత్రకి చివరి అధ్యాయం కూడా నన్నే రాయమన్నారు.

షాకే ఫోన్ చేసింది. కొత్త బడిలో నానోర్ కిటికీ పక్క సీటు కోసం ఒకమ్మాయి జుట్టు పీకిందట. టీచరు పిలిపించి చివాట్లు పెట్టిందట. చెప్తూ చెప్తూ షాకే నవ్వింది. నేనూ నవ్వాను, ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

నానోర్ నాతో మాట్లాడనందట.

సెప్టెంబరు 18, సోమవారం

బడులు తెరిచే రోజు. కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళాయి. తాళం తీసి, బల్లముందు నిలబడి పిలిచాను. అందరూ పలికారు. అలవాటుకొద్దీ నోరు జారింది. నానోర్ అనేశాను.

ఊపిరి బిగపట్టి విన్నాను. ఆమె బదులు ఎవరూ పలకలేదు.

దేవుడా, నీకు దణ్ణం.

అప్పుడు ముందు బెంచీలోంచి సన్నటి గొంతు అరుస్యాక్ అని పిలిచింది. నా పేరు.

ఉన్నా.