హారిక ముఖానికి నలుగు వద్దు

నాచారం,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకి,

నీ సుధ నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను, మీ అల్లుడు, హారిక బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, నాన్నగారు, తమ్ముడు, మరదలు, పిల్లాడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? నాన్నగారు బీపీ మాత్ర మింగుతున్నారా, చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిప్పుతున్నారా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మొన్న ఫోన్లో ఏమైంది? నువ్వు ఏడ్చావు, నేను అరిచాను, ఇద్దరం చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేశాం. ఉత్తరమైతే నా మాటకి నువ్వు అడ్డు రాలేవు. తీరిగ్గా కూర్చుని మొత్తం చదువు. మధ్యలో కోపం వస్తే కాసిని మజ్జిగ తాగి మళ్లీ చదువు.

నేను అన్నది ఒక్కటే. మే నెలలో హారిక ఓణీల ఫంక్షన్ మన ఇంట్లోనే చేద్దువుగాని, నాకూ ఇష్టమే. కానీ ముత్తయిదువలు నలుగు పెట్టేటప్పుడు దాని ముఖం మీద పిండి రుద్దకూడదు. దానికి నువ్వు "పట్నం వెళ్లి ఆచారాలు కూడా మింగేశావా" అన్నావు. మింగలేదమ్మా. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, విను.

కార్తీకంలో తమ్ముడి కొడుకు అన్నప్రాశనకి వచ్చాం కదా. వాకిట్లో అందరూ కూర్చుని ఉండగా పెద్దమ్మ హారిక గడ్డం పట్టుకుని, "తల్లి పోలిక ఒక్కటీ రాలేదే దీనికి, అంతా తండ్రి నలుపే" అంది. అందరూ నవ్వారు. నువ్వు దాన్ని వెనకేసుకొస్తావనుకున్నాను. నువ్వేమో "మన సున్నిపిండితో రోజూ నలుగు పెడితే రంగు అదే తేలుతుందిలే" అన్నావు. వచ్చేటప్పుడు పెద్ద డబ్బా నిండా పిండి కట్టి దాని చేతికే ఇచ్చావు. నువ్వు ప్రేమతోనే ఇచ్చావు, కాదనను. హారిక మాత్రం ఆ పిండిని మందు అనుకుంది.

ఇక్కడి నీళ్ల సంగతి నీకు తెలియదు. మనకి కాలవ నీళ్లు, పిండి రాసుకుని చెంబెడు పోసుకుంటే ఒళ్లు మెత్తగా ఉంటుంది. ఇక్కడ స్నానానికి బోరు నీళ్లు. బకెట్ చుట్టూ సున్నం వేసినట్టు తెల్లగా గడ్డ కడుతుంది. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి వంటకీ తాగడానికీ సరిపోతే గొప్ప. ఈ బోరు నీళ్లతో ఆ పిల్ల పొద్దున్నా సాయంత్రమూ పిండి రుద్దుకోవడం మొదలుపెట్టింది. పైగా నిమ్మరసం కలిపింది. ఆ పైన సబ్బు. బాత్రూంలో ఏం చేస్తోందో నాకెలా తెలుస్తుంది? తొమ్మిదో తరగతి పిల్ల, తలుపేసుకుంటుంది. ముఖం పొడిబారితే చలి అనుకున్నాను.

తెలంగాణ బంద్ అని నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవిచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అది స్నానానికి వెళ్లి ఎంతకీ రాలేదు. లోపల ఏడుపు వినపడింది. తలుపు తీయించి చూస్తే, అమ్మా, రెండు బుగ్గలూ ఎర్రగా చిట్లి ఉన్నాయి. పెదవుల పక్కన పొట్టు లేస్తోంది. కన్నీళ్లు ఆ చెంపల మీద పడితే మంట, ఆ మంటకి మళ్లీ ఏడుపు. "ఇంకొంచెం రుద్దితే తేలుతుందేమో అనుకున్నానమ్మా" అంది. ఆ మాట విన్నాక నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. అందుకే మొన్న నీ మీద అరిచాను. అరిచినందుకు క్షమించమని మాత్రం అడగను.

కింద వాటాలో ఉండే ఇంటిగలావిడ నర్సమ్మ గారు ఏడుపు విని పైకొచ్చింది. వీళ్లది నాచారంలో తాతల నాటి కుటుంబం. ఇప్పుడు మా ఇల్లున్న చోట ఒకప్పుడు వాళ్ల వరి మడి ఉండేదట. హారిక ముఖం చూసి గుండెలు బాదుకుంది.

"ఏంది బిడ్డా గిట్లైంది మొఖం? ఎవలు రుద్దిన్రు గింతగనం?"

నేను సంగతి చెప్పాను. ఆవిడ డబ్బా తెరిచి పిండి వాసన చూసింది. "పిండి మంచిదే. గని మా బోరు నీళ్లల్ల కలిపి గిట్ల రుద్దితె రంగు పోదు బిడ్డా, తోలు పోతది. నాట్లేసినప్పుడు మేమంత నల్లగనే ఉంటిమి. మమ్ముల ఎవ్వలు రుద్దలే."

అని ఊరుకోలేదు, ఆటో మాట్లాడి మమ్మల్ని తనే హబ్సిగూడలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. టీవీలో ఆంధ్రోళ్లు, తెలంగాణోళ్లు అని గొడవలు చూసి నువ్వు రోజూ బెంగపడుతుంటావు కదా. నా కూతుర్ని ఇక్కడ పరాయివాళ్లు ఒక్క మాట అనలేదమ్మా. అన్నది మనవాళ్లే.

డాక్టరమ్మ చాలా ఓపికగా చెప్పింది. చర్మం పైన సన్నటి జిడ్డు పొర ఒకటి ఉంటుందట, లోపలి తడిని అదే కాపాడుతుందట. మనం రుద్దీ రుద్దీ ఆ పొరనే ఊడ్చేశాం. ముఖం చర్మానికి కొంచెం పులుపు గుణం, సబ్బుకి క్షారం, రెండింటికీ పడదు. అలాగని నిమ్మరసం పూయడం ఇంకా తప్పట, అంత పులుపు తట్టుకోలేదు. "కడిగాక ముఖం బిగుసుకుంటే శుభ్రమైందనుకుంటారు. అది శుభ్రం కాదమ్మా, ఎండిపోవడం" అంది. పిండి, సబ్బు, నిమ్మకాయ అన్నీ ఆపమంది. ఒక పూత మందు రాసిచ్చి, ముఖానికి మెత్తటి క్లెన్సర్ మాత్రం వాడమంది. వాసన వేయనిది, నురగ పెద్దగా రానిది, గ్లిసరిన్ ఉన్నది చూసి కొనుక్కోమంది. గ్లిసరిన్ తడిని పట్టి ఉంచుతుందట. సీసా వెనక రాసినవాటిలో ముందున్నది ఎక్కువ, చివరిది తక్కువ, అలా చదవాలని కూడా నేర్పింది.

సరే, ఉప్పల్‌లో పెద్ద ఫ్యాన్సీ షాపుకి వెళ్లాం. ముఖం కడుక్కునేది కావాలంటే ఆ కుర్రాడు గ్లిసరిన్ మాటే ఎత్తకుండా నేరుగా తెల్లబరిచేది తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మేడం, గిది తీస్కోండ్రి. పాప కలర్ మస్తు వస్తది. అందరు గిదే తీస్కపోతున్రు."

నేను సీసా తిప్పి చదివాను. నురగ పుట్టించే సోడియం లారిల్ సల్ఫేట్ నీళ్ల తర్వాత రెండో పేరు. అంటే జిడ్డు మొత్తం లాగేసే సరుకే ఎక్కువ. ముందు బొమ్మేమో కలబంద మొక్క. వెనక కలబంద ఎక్కడుందో తెలుసా? అట్టడుగున, రంగుకి కాస్త ముందు. అంత పెద్ద బొమ్మ వేయించుకుని అది తలుపు చాటున నిలబడింది. నేను నవ్వుకుంటూ తలెత్తేసరికి హారిక ఆ సీసా మీద తెల్లటి పిల్ల బొమ్మని చూస్తోంది. చిట్లిన చెంపలతో ఇంకా ఆశగా చూస్తోంది.

"బాబూ, మేం ముఖం కడుక్కోవడానికి వచ్చాం, మార్చుకోవడానికి రాలేదు" అన్నాను. షాపులో అందరూ తిరిగి చూశారు. చూడనీ. హారిక సిగ్గుతో నా కొంగు లాగి బయటికి తీసుకొచ్చింది.

చివరికి మెడికల్ షాపులో దొరికింది. తెల్లటి సీసా, బొమ్మలు లేవు. నీళ్ల తర్వాత గ్లిసరిన్. ఇంటికొచ్చాక హారిక అక్షరం అక్షరం చదివి "అమ్మా, ఇందులో సిటైల్ ఆల్కహాల్ ఉంది!" అని కేకేసింది. మీ అల్లుడు పేపరు దించి, "అయితే నాకూ కాస్త పోయండి" అన్నారు. మర్నాడు మా స్కూల్లో కెమిస్ట్రీ చెప్పే టీచర్ని అడిగాను. అది మత్తు సరుకు కాదట, మైనంలా ఉండే కొవ్వు పదార్థమట, చర్మాన్ని మెత్తబరుస్తుందే గాని ఎండగట్టదట. పేరు చూసి భయపడనక్కర్లేదు, పేరు చూసి మురిసిపోనూ అక్కర్లేదు. ఇది మాత్రం నేను బాగా నేర్చుకున్నాను.

నురగ రాదమ్మా దానికి. గంజిలా ఉంటుంది. మొదట్లో మోసపోయామేమో అనుకున్నాం. నువ్వూ ఫోన్లో "నురగ రానిది కూడా ఒక సబ్బేనా" అన్నావు కదా. సబ్బు కాదనే కదా దాన్ని కొన్నది! వేళ్లతో మెల్లగా రాసి కడిగేయాలి, తువ్వాలుతో అద్దుకోవాలి, తడి ఆరకముందే క్రీము రాయాలి. వంటకి పట్టిన మంచినీళ్లలోంచి ఒక చెంబు రోజూ దాని ముఖానికి పక్కన పెడుతున్నాను. నర్సమ్మ గారు మొదట "తాగే నీళ్లతోని మొఖం కడుగుతరా" అని దెప్పింది. ఇప్పుడు నీళ్లు వదిలిన రోజు తనే కింద నుంచి పిలిచి బిందె పట్టుకోమంటోంది.

ఇప్పుడు చెంపలు మానాయి, నువ్వు బెంగ పెట్టుకోకు. పొట్టు లేవడం లేదు, మంట లేదు. ముఖం మెత్తగా, నిగనిగలాడుతూ, నల్లగా ఉంది. నల్లగానే ఉంది అమ్మా. వాళ్ల నాన్న రంగు. ఆ రంగు పోగొట్టడానికి ఈ సీసా తేలేదు. పెళ్లిచూపుల్లో మీ అల్లుణ్ణి చూసి నేను తలవంచుకుంటే "మగాడికి రంగేమిటే, గుణం చూడు" అని నచ్చజెప్పింది నువ్వు కాదూ? నేను గుణమే చూశాను, చల్లగా ఉన్నాను. ఆ మాట మగాళ్లకి చెల్లి నా కూతురికి ఎందుకు చెల్లదు?

కాబట్టి నా షరతులు రాస్తున్నాను. నలుగు చేతులకి పెట్టండి, కాళ్లకి పెట్టండి, పాట పాడండి, నూనె తలకి అంటండి. ముఖానికి బుగ్గన చుక్క పెట్టి ఊరుకోండి. పెద్దమ్మ అలిగితే అలగనీ. ఆచారం చెడిందంటే పాపం నా నెత్తిన రాయమను. ఎవరైనా రంగు మాట ఎత్తితే నేను నలుగు పళ్లెం పక్కన పెట్టి, పిల్లని పీటల మీంచి లేపి, వచ్చిన రైలుకే తిరిగి వెళ్లిపోతాను. చేస్తానని నీకు తెలుసు. ఈ మొండితనం నాకు నీ దగ్గర్నుంచే వచ్చింది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. స్కూల్లో పరీక్షల పేపర్లు దిద్దుతున్నాను. చేపలు దొరుకుతాయి గాని మన గోదావరి రుచి రాదు, ఆదివారం కూర వండినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు, కళ్లనీళ్లు వస్తాయి. నలుగురిలో ఉన్నా ఒంటరిగానే ఉంటుంది ఈ ఊళ్లో. అయినా బాగానే ఉన్నాం, నిజంగా బాగానే ఉన్నాం. గానుగ కొబ్బరినూనె ఒక సీసా తీసి ఉంచు, తలకీ ఒంటికీ. సున్నిపిండి కూడా చెయ్యి, నా పాదాల పగుళ్లకి నేనే వాడుకుంటాను. నీ చేతి పిండి అంటే నాకు కోపం లేదు.

నాన్నగారికి నా నమస్కారాలు, తమ్ముడికీ మరదలికీ ఆశీస్సులు, పిల్లాడికి ముద్దులు. పెద్దమ్మకి కూడా నమస్కారాలు చెప్పు, ఈ ఉత్తరం చదివి వినిపించు, దాచకు. నీ దీవెన హారిక మీద ఉండాలి. నా మీద కోపంగా ఉన్నా సరే, దాని మీద ఉండాలి.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. హారిక రానంటోంది. ఓణీలు వద్దు, పట్టు పరికిణీ వద్దు, అమ్మమ్మ ఇల్లు వద్దు అంటోంది. నిన్న దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకే అని అడిగాను. ఇలా అంది: "రైలు దిగగానే అమ్మమ్మ 'అయ్యో, ఇంకా నల్లబడ్డావేంటే' అంటుందమ్మా. ప్రతిసారీ ముందు అదే అంటుంది. తర్వాతే దగ్గరికి తీసుకుంటుంది."

నేను గుర్తు చేసుకున్నాను. నిజమే. పసిపిల్లగా ఉన్నప్పట్నుంచీ ముందు ఆ మాటే.

అమ్మా, దీన్ని నేను ఎలాగో ఒప్పించి తీసుకొస్తాను. స్టేషన్‌లో నువ్వు నిలబడి ఉంటావు. ఈసారి ముందు దగ్గరికి తీసుకో. ఏదో ఒకటి అనకుండా ఉండలేనంటే, "వచ్చావా తల్లీ" అను. అంతే, ఇంకేమీ అనకు.

నీ కూతురు,
సుధ