పేరు పట్టేంత జాగా

బుధవారం, నల్లగొండ

ఒక పేరు ఎంత జాగా తీసుకుంటుందో అచ్చు వేయకముందే తెలిసేదెలా? కాలేజీలో సర్టిఫికెట్లు చేస్తున్న ఇన్నేళ్లూ ఇదే ప్రశ్న. అక్షరాలు లెక్కపెడితే వత్తులు మోసం చేసేవి. కంప్యూటర్ "క్ష్మీ"ని ఆరుగా లెక్కిస్తుంది, కాగితం మీద అది ఒక్క అక్షరమే.

ఈరోజు వర్డ్‌లో నేను రాసిన మాక్రో అనే చిన్న ప్రోగ్రాం పనిచేసింది! పేరు మొదట్లో, చివర్లో కర్సర్ ఎక్కడుందో చూసి మధ్య దూరం చెప్పింది. ప్రింట్ తీసి స్కేలుతో కొలిచాను. సరిగ్గా అంతే. సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

వెంటనే మా ఫైనలియర్ విద్యార్థిని లక్ష్మీనరసింహమ్మ పేరు కొలిచాను. సర్టిఫికెట్‌లో పేరుకని ఉన్న గీత దాటింది.

"ఇనీషియల్ పెడదామా?" ఆమెను పిలిచి అడిగాను.

"మా అవ్వ పేరు మేడం, జర కొయ్యకుండ్రి."

కొయ్యను. అక్షరాలు చిన్నవి చేస్తాను. కానీ ఆమె పేరులోనేనా, అందరి పేర్లలోనా? ఆమెది ఒక్కటే చిన్నగా కనిపిస్తే... తేల్చుకోలేకపోతున్నాను.